గోల్ఫ్ స్టోరీ: ఇందిరానగర్ వచ్చేలోపు నాలుగు హోల్స్

మా ఆఫీసు బెంగళూరులో, దొమ్మలూరు దగ్గర ఎంబసీ గోల్ఫ్ లింక్స్‌లో. పేరులోనే గోల్ఫ్ ఉంది, పక్కనే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉంది, మధ్యాహ్నం భోజనం చేసి బాల్కనీలోకి వచ్చి నిలబడితే ఆ పచ్చదనం కంటికి చల్లగా తగులుతుంది. నాలుగేళ్ళుగా చూస్తున్నాను. తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి, నిలబడి, రెండుసార్లు గాల్లో కర్ర ఊపి, మూడోసారి కొడతాడు. బంతి ఎటు పోయిందో మాకు కనపడదు, ఆయన మాత్రం చాలాసేపు అటే చూస్తూ ఉంటాడు. ఆ బంతి ఎక్కడ పడి ఉంటుంది, ఆయన ఇంకెన్ని దెబ్బల్లో గుంటలో వేస్తాడు అని నాకు రోజూ అనిపించేది. ఆ మైదానంలో అడుగు పెట్టే దారి నాకు లేదు. ఆ కుతూహలం తీరింది చేతిలో పట్టే ఒక చిన్న గేమ్ వల్ల. దాని పేరు ‘గోల్ఫ్ స్టోరీ’.

ఇది చాలా మంచి ఆట, పెట్టిన డబ్బుకు రెండింతలు ఇస్తుంది, గోల్ఫ్ అంటే ఓనమాలు తెలియకపోయినా ఆడొచ్చు. కానీ తెర మీద మాటలు చదివే ఓపిక లేనివాళ్ళకి, పాత్రలు మాట్లాడుతుంటే టకటకా బటన్ నొక్కేసి ముందుకెళ్ళిపోయేవాళ్ళకి దీని రుచి సగం కూడా అందదు.

2017 సెప్టెంబర్ 28న నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ కోసం వచ్చింది. చేసింది సైడ్‌బార్ గేమ్స్ అని ఆస్ట్రేలియా వాళ్ళు, కంపెనీ అన్నమాటే గానీ ఉన్నది ఇద్దరు మనుషులు. ఆ సంగతి నాకు ఆట సగం అయ్యాక తెలిసింది, తెలిశాక కాసేపు పక్కన పెట్టి కూర్చున్నాను, ఎందుకంటే మా టీములో ఒక లాగిన్ పేజీ మార్చడానికి ఏడుగురం పని చేస్తాం. పాత గేమ్స్‌లా పైనుంచి కనిపించే చిన్న చిన్న చుక్కల బొమ్మలు, ఎనిమిది ఊళ్ళలాంటి మైదానాలు, ప్రతి చోటా మాట్లాడే మనుషులు, వాళ్ళ తగాదాలు, వాళ్ళు చెప్పే పనులు. మామూలు రోల్ ప్లేయింగ్ గేమ్‌లో కత్తి పట్టుకుని రాక్షసుల్ని కొడతారు, ఇందులో ఆ కత్తి స్థానంలో గోల్ఫ్ కర్ర ఉంది.

కథ పెద్దది కాదు. చిన్నప్పుడు నాన్న దగ్గర గోల్ఫ్ నేర్చుకున్న కుర్రాడు. ఇరవై ఏళ్ళు గడిచాయి, ఆట వదిలేశాడు, బతుకు ఎటో పోయింది. ఒకరోజు అన్నీ పక్కన పెట్టి, ఆ చిన్నప్పటి మైదానానికే తిరిగి వచ్చి, ప్రొఫెషనల్ ఆటగాడిని అవుతానంటాడు. ఇంట్లో ఎవరికీ నచ్చదు. మైదానంలో ఉన్న కోచ్ దగ్గరికి వెళ్ళి నేర్పమంటే ఆయన మొహం కూడా తిప్పడు. అక్కడినుంచి మొదలు. నాకు ముప్పై నాలుగు. హిందూపురంలో మా వీధి చివర ఖాళీ స్థలంలో బిళ్ళంగోడు ఆడేవాళ్ళం, మా నాన్న కూడా సాయంత్రం లుంగీ పైకి కట్టి వచ్చి ఒక్క దెబ్బ కొట్టి పోయేవాడు, ఆ బిళ్ళ వెళ్ళి మార్వాడీ వాళ్ళ డాబా మీద పడేది. కర్ర మీద బిళ్ళ ఎక్కడ తగిలితే ఎటు లేస్తుందో ఆయనే చూపించాడు. ఈ ఆట మొదటి ఐదు నిమిషాలు చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, అందుకే బహుశా మిగతా ఆట మీద నాకు మొదటినుంచీ కాస్త ప్రేమ ఎక్కువ. ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఇక కొట్టడం సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఆట ప్రాణమంతా ఇక్కడే ఉంది కాబట్టి.

తెర కింద ఒక గీత ఉంటుంది. బటన్ ఒకసారి నొక్కితే దాని మీద గుర్తు పరుగెత్తడం మొదలవుతుంది. రెండోసారి నొక్కినచోట బలం ఖాయమవుతుంది. గుర్తు వెనక్కి వస్తుంది, మొదలైన చోటికి సరిగ్గా చేరినప్పుడు మూడోసారి నొక్కాలి. ఆ మూడో నొక్కు వెంట్రుకవాసి ముందైనా వెనకైనా బంతి పక్కకి వంగిపోతుంది. ఇంతే. కానీ ఆ మూడో నొక్కుకి ముందు ఊపిరి ఆగుతుంది చూడండి, అది నాకు ఏ గేమ్‌లోనూ ఇలా లేదు.

నేను ఉండేది కాడుగోడిలో. మెట్రో పర్పుల్ లైన్ మొదటి స్టేషన్ అక్కడే కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. ఇందిరానగర్ వరకు ఇంచుమించు ముప్పై ఐదు నిమిషాలు, అంటే తొందరపడకుండా ఆడితే నాలుగు హోల్స్ (మొదటి దెబ్బ నుంచి బంతి గుంటలో పడేదాకా ఒక హోల్). మొన్న సోమవారం, రైలు బెన్నిగానహళ్ళి దాటింది. నా ముందు చిన్న హోల్, 148 గజాలు, మధ్యలో నీళ్ళు, గాలి కుడినుంచి ఎడమకి గట్టిగా వీస్తోంది. గురి గుంట దగ్గరుండే జెండా మీద పెడితే గాలి లాక్కెళ్ళి నీళ్ళలో పడేస్తుంది, కాబట్టి కుడివైపు బాగా జరిపి ఇసుక గుంట మీద పెట్టాను. చూసేవాళ్ళకి వీడు ఇసుకలోకి కొడుతున్నాడేమిటి అనిపిస్తుంది. ఇంకాస్త దూరం కొట్టే కర్ర తీసుకున్నాను. బంతిని ఏ చోట తాకాలో కూడా మనమే ఎంచుకోవచ్చు, కింద తాకితే వెనక్కి తిరుగుతూ పడుతుంది, పడ్డాక ఎక్కువ దొర్లదు. అలా పెట్టి ఒకటి, రెండు, ఆగి, మూడు. బంతి లేచింది, ఇసుక వైపే పోయింది, పైన గాలి అందుకుంది, మెల్లగా ఎడమకి తిరిగి జెండాకి ఆరేడు అడుగుల దూరంలో పడి, ఒక్క గెంతు వేసి ఆగిపోయింది. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన అప్పటిదాకా తన పేపరు తను చదువుకుంటున్నాడనుకున్నాను. “బంతు నోడి, బంతు” అన్నాడు. వచ్చింది చూడు, వచ్చేసింది అని. ఆయనకి గోల్ఫ్ తెలుసో లేదో అడగలేదు, స్వామి వివేకానంద రోడ్డు స్టేషన్‌లో దిగిపోయాడు.

ఇందులో నాకు ఇంకో సౌకర్యం దొరికింది. దూరాలన్నీ గజాల్లో ఉంటాయి. యార్డు అన్నా గజం అన్నా ఒకటే, మూడడుగులు. ఇళ్ళ స్థలాలు గజాల్లో బేరమాడే మనకి ఇది పుట్టుకతో వచ్చిన లెక్క. 148 గజాలు అనగానే మా వీధిలో ఈ చివరి నుంచి రామాలయం దాకా అని కళ్ళకి కట్టినట్టు తెలిసిపోతుంది.

రోల్ ప్లేయింగ్ సంగతికి వస్తే, పోటీ గెలిచినా ఎవరైనా చెప్పిన పని చేసిపెట్టినా అనుభవం పాయింట్లు వస్తాయి, అవి నిండితే లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగితే మన ఆటగాడికి గుణాలు పెంచుకోవచ్చు. బలం ఒకటి, అది కాక ఇంకో నాలుగు. బలం పెరిగితే బంతి దూరం పోతుంది, అది వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చేయీ అటే పోతుంది.

ఎండాకాలం సెలవులకి అక్క కొడుకు వచ్చాడు. పదకొండేళ్ళు. వాడికి విడిగా ప్రొఫైల్ పెట్టి ఇచ్చాను. రెండు రోజుల్లో పాయింట్లన్నీ తీసుకెళ్ళి బలంలో పోశాడు. “దూరం పోతే చాలు కదా మామా, తొందరగా అయిపోద్ది” అన్నాడు. నేను ఏమీ అనలేదు. మూడో రోజుకి వాడి మొహం వాడిపోయింది. బంతి బాగా దూరం పోతోంది, నిజమే, కానీ మూడో నొక్కు కాస్త తప్పితే చాలు, ఎంత దూరం పోతే అంత పక్కకి పోతోంది. ప్రతి హోల్‌లోనూ చెట్లలోనో నీళ్ళలోనో తేలుతున్నాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, “మామా, నీది అంత దూరం పోదు కదా, మరి నీకెట్లా వస్తాంది?” అని అడిగాడు. అప్పుడు నా ఆట చూపించాను. నేను రెండు దెబ్బలకి వచ్చేచోటికి వాడూ రెండు దెబ్బలకే వస్తున్నాడు, కాకపోతే వాడి రెండో దెబ్బ పొదల్లోంచి కొట్టాల్సి వస్తోంది. వాడు చాలాసేపు చూశాడు. తర్వాత లెవెల్ నుంచి పాయింట్లు మిగతా వాటిలో పంచడం మొదలుపెట్టాడు, నేను చెప్పకుండానే. ఇది ఈ ఆట గొప్పతనం. పాఠం ఎక్కడా చెప్పదు, తప్పు ఎందుకు జరిగిందో మాత్రం బంతి ఎక్కడ పడిందో చూపించి చెబుతుంది.

అసలు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ ఆటలో ఎక్కడైనా బంతి కింద పెట్టి కొట్టొచ్చు. పోటీ జరగక్కర్లేదు. దారిలో నడుస్తూ, దుకాణం ముందు, వంతెన మీద, ఎవరో మాట్లాడుతున్న మనిషి పక్కన, బటన్ నొక్కితే బంతి నేల మీద పడుతుంది, కర్ర చేతిలోకి వస్తుంది. దూరంగా నీటి మధ్యలో ఏదో కనిపిస్తోందా, దాని మీదకి కొట్టి చూడు. ఒక్కోసారి ఏదో ఒకటి జరుగుతుంది. చాలాసార్లు ఏమీ జరగదు, అయినా కొట్టాలనిపిస్తుంది. బెంగళూరులో గోల్ఫ్ అంటే గోడ, గేటు, వాచ్‌మన్, మెంబర్‌షిప్. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876లో పెట్టింది, మన దేశంలో పాత క్లబ్బుల్లో ఒకటి, దాని పక్కనుంచి బస్సులో ఎన్నోసార్లు పోయాను. ఆ గోడలన్నీ తీసేసి ఊరంతా మైదానం చేసి, ఎక్కడ కావాలంటే అక్కడ కొట్టుకో అని చెప్పినట్టుంది ఈ ఆట. బిళ్ళంగోడు మేము అలాగే ఆడాం. మైదానం ఎక్కడ ఉంది మాకు, వీధే మైదానం.

మైదానాలు ఎనిమిదీ ఎనిమిది రకాలు. మొదటిది వెల్‌వోర్న్ గ్రోవ్, పాతబడి నిర్లక్ష్యానికి గురైన చోటు, నేల మీద పందికొక్కుల్లాంటి జీవాలు బంతి ఎత్తుకుపోతాయి. చీకీబీక్ పీక్‌లో పక్షుల గోల. బెర్ముడా ఐల్స్ సముద్రం ఒడ్డు, అక్కడ నీళ్ళలో తాబేళ్ళుంటాయి, బంతి సరిగ్గా వాటి వీపు మీద పడితే ఎగిరి అవతలి ఒడ్డుకి చేరుతుంది. ఇది తెలిశాక నేను ఆ చోటు దాటడానికి మూడు రోజులు పట్టింది, దారి చుట్టూ తిరిగి పోవచ్చు గానీ తాబేలు మీదనుంచే పోవాలని పట్టుబట్టాను. టైడీ పార్క్ అని ఒకటుంది, అక్కడ అందరూ పాతకాలపు మర్యాదలు, నిబంధనలు అంటూ పట్టుకుని వేలాడే పెద్దవాళ్ళు. కోల్డ్‌విండ్ వేస్ట్స్‌లో మంచు. పేర్లు చూస్తేనే ఒక్కోచోట ఆట ఎలా మారుతుందో ఊహించొచ్చు, కానీ ప్రతి మైదానంలో మనుషుల గొడవ కూడా ఆ చోటికి తగ్గట్టే రాశారు, అది ఊహకి అందదు.

మాటలు. వీటి గురించి చెప్పకపోతే అన్యాయం. పాత్రలకి గొంతు లేదు, అంతా తెర మీద బుడగల్లో రాత. కానీ ఆ బుడగలు బతికే ఉంటాయి. కోపమొస్తే అక్షరాలు పెద్దవై ఊగుతాయి, గొణిగితే చిన్నవైపోతాయి, ఒకడు మాట్లాడుతుండగా ఇంకొకడు అడ్డొస్తే బుడగ మీద బుడగ పడుతుంది. ఎదుటివాణ్ణి ఒక్క మాటతో తీసిపారేసే ఆ ఆస్ట్రేలియా వాళ్ళ ధోరణి మన గోదావరి జిల్లాల వెటకారానికి చాలా దగ్గర. నా రూమ్మేట్ అమలాపురం వాడు, పక్కనుంచి రెండు సీన్లు చదివి, “వీళ్ళు మా వోళ్ళేరా, అయ్ బాబోయ్” అన్నాడు. ఇంగ్లిష్ కష్టమేమీ కాదు, పదో తరగతి ఇంగ్లిష్ చాలు. కొన్ని యాసలు, కొన్ని వాడుక మాటలు మాత్రం రెండుసార్లు చదివితే గానీ పట్టవు.

ఇప్పుడు బాగోలేనివి.

తర్వాత ఎక్కడికి పోవాలో ఈ ఆట సరిగా చెప్పదు. ఒక మనిషి ఏదో అడిగి పంపిస్తాడు, మనం రెండు రోజులు ఆఫీసు పనిలో పడి తిరిగి తెరిస్తే ఏం చేయాలో గుర్తుండదు, మళ్ళీ అందరినీ కదిలించుకుంటూ తిరగాలి. రోజూ ఆడేవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది కాదు, నెలాఖరు రిలీజులు ఉన్న నాలాంటివాళ్ళకి విసుగు. కొన్ని చిన్న పనులు మరీ సాగదీశారు, ముఖ్యంగా పళ్ళెం విసిరే డిస్క్ గోల్ఫ్ నాకు చేతికి కుదరలేదు, ఒకదాని దగ్గర ఒక రాత్రంతా ఇరుక్కున్నాను. మొదటి రెండు గంటలు కూడా నెమ్మదే, కోచ్ దగ్గరికి, వీడి దగ్గరికి, వాడి దగ్గరికి తిరగడమే ఎక్కువ, కొట్టడం తక్కువ. రెండో మైదానం వచ్చేవరకు ఓపిక పట్టండి.

ఇంకోటి, నా దగ్గరున్న స్విచ్ లైట్ అనే చిన్న స్విచ్‌లో ఆడేవాళ్ళు తెలుసుకోవాల్సింది. పెద్ద స్విచ్‌లో హెచ్‌డీ రంబుల్ అని చేతికి తెలిసే సన్నటి ప్రకంపన ఉంటుంది, ఈ ఆట దాన్ని బాగా వాడుకుంది. లైట్‌లో ఆ సౌకర్యమే లేదు. స్నేహితుడి పెద్ద స్విచ్‌లో ఒక గంట ఆడి చూశాను, తేడా ఉంది, దెబ్బ తగిలినప్పుడు అరచేతికి తెలుస్తుంది. లైట్ తెర ఐదున్నర అంగుళాలు, అందులో గొణిగే చిన్న అక్షరాలు మెట్రో ఊపులో చదవడం కళ్ళకి శ్రమ. కానీ లైట్ బరువు 275 గ్రాములే, ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో ఇది. ప్రయాణంలో ఆడేవాళ్ళకి నేను లైట్‌నే చెప్తాను.

నేను కొన్న కథ కూడా చెప్తాను, ఇంకొకరికి పనికొస్తుందని. లైట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మెజెస్టిక్ దగ్గర ఒక చిన్న షాపులో. షాపతను తెలుగువాడే, మదనపల్లె. “ఆరు నెలలు కూడా వాడలేదన్నా, చూడు, గీత కూడా లేదు” అన్నాడు. గీత లేదు, నిజమే. ఇంటికొచ్చి ఆట మొదలుపెడితే, గురి పెట్టిన గుర్తు మెల్లగా ఎడమవైపు జరుగుతోంది. నేను గాలి అనుకున్నాను. రెండు రోజులు ఆ గాలికి తగ్గట్టు కుడికి జరుపుకుంటూ ఆడాను. మూడో రోజు గాలి సున్నా అని తెర మీద కనిపిస్తున్నా గుర్తు జరిగింది. అప్పుడు అర్థమైంది, బొటనవేలితో తిప్పే ఎడమ స్టిక్ పాడైంది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. పరుగెత్తే ఆటల్లో ఇది అంతగా తెలియదేమో, గోల్ఫ్‌లో మాత్రం ప్రాణం తీస్తుంది, ఎందుకంటే గురి రెండు గజాలు జరిగితే బంతి ఇరవై గజాలు జరుగుతుంది. షాపుకి తీసుకెళ్తే, “వారం అయిపోయిందన్నా, మేమేం చేస్తాం” అన్నాడు. నాలుగు రోజులే అయింది, బిల్లు చూపించాను, అయినా అదే మాట. ఆ మాట నాకు ఇప్పటికీ కడుపులో ఉంది. చివరికి ఎస్పీ రోడ్డులో రిపేరు చేసే కుర్రాడు 1100 తీసుకుని, నలభై నిమిషాల్లో స్టిక్ మార్చి, నా ముందే పరీక్షించి ఇచ్చాడు. కాబట్టి పాతది కొంటుంటే షాపులోనే సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల విభాగంలోకి వెళ్ళి, స్టిక్ కాలిబ్రేషన్ తెరవండి. వేలు తీసేశాక మధ్యలోని గుర్తు కదలకుండా ఉందా లేదా చూడండి. ఒక్క నిమిషం పని.

ఆట ధర 14.99 డాలర్లు. నేను కొన్నప్పుడు నింటెండో ఆన్‌లైన్ స్టోర్‌లో ఇండియా లేదు, అకౌంట్ అమెరికాకి మార్చుకుని కొన్నాను, అప్పుడప్పుడూ తగ్గింపు కూడా పెడతారు, కాచుకుని ఉంటే తక్కువకే దొరుకుతుంది.

గోల్ఫ్‌నీ రోల్ ప్లేయింగ్‌నీ కలపడం వీళ్ళు కనిపెట్టింది కాదు. 1999లో గేమ్ బాయ్ కలర్ మీద వచ్చిన మారియో గోల్ఫ్ దీనికి తాత, దాన్ని చేసింది క్యామెలాట్ అనే జపాన్ సంస్థ. వాళ్ళు అంతకుముందే షైనింగ్ ఫోర్స్ లాంటి పెద్ద ఆటలు చేసినవాళ్ళు, అందుకే గోల్ఫ్‌లో కూడా లెవెళ్ళు పెట్టారు. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద అడ్వాన్స్ టూర్ వచ్చింది, అందులో మనం ఒక్కరమే కాక మన జోడీ ఆటగాడికి కూడా లెవెల్ పెంచాలి. అది కూడా ఆడాను, ఆఫీసులో ఒక తమిళ స్నేహితుడి దగ్గర పాత ఎస్పీ, అంటే మడిచే గేమ్ బాయ్ అడ్వాన్స్, ఉంది. కొట్టడం మటుకు అందులోనే ఇంకా నున్నగా ఉంది, ఒప్పుకోవాలి. బంతి గాల్లో ఉన్నప్పుడు, గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి మీద, వాలు చదివేటప్పుడు క్యామెలాట్ వాళ్ళ చెయ్యి తెలుస్తుంది. కానీ ఊళ్ళో మనుషులు అందులో చెక్క బొమ్మలు. గోల్ఫ్ స్టోరీలో మనుషులు మనుషులు.

ఆ మూడు నొక్కుల పద్ధతి ఇంకా పాతది. 1984లో నింటెండో ‘గోల్ఫ్’ అని ఒక ఆట తెచ్చింది, దానికి ప్రోగ్రామ్ రాసింది సతోరు ఇవాటా, తర్వాత ఆయనే ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు, 2015 జులై 11న పోయాడు. స్విచ్ వచ్చిన కొత్తలో ఆ 1984 ఆటని మెషీన్ లోపల దాచి పెట్టారు. తేదీ జులై 11 అయి ఉండి, రెండు చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని ఆయన మాట్లాడేటప్పుడు చేతులు చాచే తీరులో కదిలిస్తే అది తెరుచుకునేది. ఇది బయటపడింది 2017 సెప్టెంబర్‌లో, గోల్ఫ్ స్టోరీ వచ్చిన నెలలోనే. తర్వాత అప్‌డేట్‌లో తీసేశారు. నా లైట్‌లో అది ఎప్పుడూ లేదు, అయినా మూడో నొక్కు నొక్కేటప్పుడు అప్పుడప్పుడు ఆయన గుర్తొస్తాడు. ప్రోగ్రామ్ రాసే ఉద్యోగమే నాదీ, నేను రాసింది నలభై ఏళ్ళ తర్వాత మెట్రోలో ఎవరి వేలి కింద ఉంటుంది?

చివరగా గ్రీన్ మీద ఆట. జెండా దగ్గరికి వచ్చాక పటర్ అనే కర్రతో బంతిని నెట్టాలి, ఆ దెబ్బనే పట్ అంటారు, నేల వాలు ఎటుందో గుర్తులు చూపిస్తాయి. చాలామందికి ఇది ఆటలో సులువైన భాగం. నాకు మాత్రం చేతులు వణుకుతాయి, దానికి కారణం ఉంది. 2021 ఆగస్టు 7, శనివారం. టోక్యో ఒలింపిక్స్, మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, వాళ్ళ అమ్మే క్యాడీగా కర్రల సంచీ మోస్తోంది. ప్రపంచ ర్యాంకింగ్‌లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి నాలుగు రోజులూ పతకం దగ్గరే తిరిగింది. మా ఇంట్లో ఎవరికీ బర్డీ అంటే ఏమిటో తెలియదు, పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నాం, అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేసి “ఆ పాప గెలిచిందా?” అని ప్రతి పావుగంటకీ అడుగుతోంది. ఆఖరి హోల్‌లో ఆ పట్ గుంట పక్కనుంచి పోయింది. ఒక్క దెబ్బ తేడాతో కంచు పోయి నాలుగో స్థానం మిగిలింది. ఆ రోజు సాయంత్రమే నీరజ్ చోప్రా స్వర్ణం వచ్చింది, దేశమంతా అటు తిరిగింది, నాకు మాత్రం ఆ బంతి అంచు పక్కనుంచి దొర్లిపోవడమే కళ్ళలో ఉండిపోయింది. ఈ ఆటలో ఆరడుగుల పట్ ముందు నిలబడ్డప్పుడల్లా అది కనిపిస్తుంది. ఇంత చిన్న తెర మీద, ఇన్ని చుక్కల బొమ్మల్లో, ఆ ఆరడుగులు ఎంత దూరమో నాకు తెలిసేలా చేశారు ఆ ఇద్దరూ.

దీని తర్వాత వాళ్ళే 2022 డిసెంబర్‌లో స్పోర్ట్స్ స్టోరీ తెచ్చారు, టెన్నిస్ ఇంకా ఏవేవో కలిపి. రెండు వారాలు ఆడి ఆపేశాను. అన్నీ ఉన్నాయి, ఏదీ తీరిగ్గా లేదు, ఆట మధ్యలో ఇరుక్కుపోయే లోపాలు కూడా ఎదురయ్యాయి. మొదటిది కొనండి, రెండోది వదిలేయండి.

నాది ఇంకా అయిపోలేదు. మంచు మైదానంలో ఉన్నాను, పోటీలు మిగిలాయి, తొందర లేదు. అక్క కొడుకు ప్రొఫైల్ వాడు వదిలిన చోటే ఉంది, రెండో మైదానం, ఏడో హోల్, బంతి ఇసుకలో. “ముట్టుకోవద్దు మామా, నేనే తీస్తా” అని చెప్పి రైలెక్కాడు. దసరా సెలవులకి వస్తాడు.